నిద్రలేవని నలభై పట్టీలు

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఆ ఇంటి తలుపు తట్టిన మనిషికి పక్కనే ఉన్న కాలింగ్ బెల్లు కనిపించలేదు. రెండు చేతులతోనూ బాదింది. తమ్ముడు తలుపు తీసేసరికి ఆ చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి.

"అక్కగారు ఉన్నారాండీ?"

వీధిలో అందరికీ ఆ ఇంటావిడ అక్కగారే. ఇరవై ఆరేళ్ళు బీమా కంపెనీలో పనిచేసింది. కాలిన దుకాణాలూ మునిగిన లారీలూ చూసి, ఏది ప్రమాదమో, ఏది చేజేతులా చేసిందో తేల్చడం ఆమె ఉద్యోగం. మానేశాక కూడా జనం వదల్లేదు కాబట్టి ముందుగదిలో బల్ల వేసి, గుమ్మానికి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించింది. తమ్ముడు ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపేవాడు. అందరి ఫోన్లలోకీ కెమెరాలు వచ్చాక దానికి తాళం వేసి, తన కెమెరా మెడలో వేసుకుని అక్క వెంట తిరుగుతున్నాడు. మనిషి కాస్త భారీ. అక్క తెలివి మీద అతనికున్న నమ్మకం అంతకంటే భారీ.

వచ్చిన అమ్మాయికి ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళు ఉంటాయి. కుర్చీ అంచున కూర్చుంది. తెల్లకోటు విప్పడం కూడా మరిచిపోయి వచ్చింది.

"ఎల్లుండి నన్ను అబద్ధాలకోరు అని తేల్చేస్తారండీ," అంది. "ఏడేళ్ళ పని. ఒక్క అంకె కూడా నేను మార్చలేదు. అయినా ఇప్పుడు నా మాట నాకే నమ్మబుద్ధి కావడం లేదు."

అక్కగారు విరిగిన గొడుగు ఊచకి తీగ చుడుతోంది. అది పక్కన పెట్టింది.

"ముందు మంచినీళ్ళు తాగు. తర్వాత నాకేమీ తెలియదనుకుని చెప్పు. నిజంగానే తెలియదు."

అమ్మాయి తాగి, చెప్పింది. ఆమె చేసేది వేలెడంత ప్లాస్టిక్ పట్టీ. దాని కొసన కాటుకలాంటి నల్లటి పొర ఉంటుంది. అదీ పాలిమరే, కానీ మామూలు ప్లాస్టిక్‌లా కాక తన గుండా కరెంటును పోనిస్తుంది. ఆ పొర పెరిగేటప్పుడే ఒక ఎంజైమును అందులో బంధిస్తారు. రక్తపు చుక్కలోని చక్కెర తగలగానే ఎంజైము దాన్ని పట్టుకుంటుంది. అప్పుడు పుట్టే కరెంటు పొర గుండా తీగలోకి వస్తుంది. ఎంత చక్కెర ఉంటే అంత కరెంటు.

"ఇలాంటివాటికి చల్లదనం లేకపోతే ఎంజైము చచ్చిపోతుందండీ. నా పట్టీలు ఫ్రిజ్ అక్కర్లేకుండా, బల్ల మీద, తొంభై రోజులు ఉంటాయి. వారం వారం కొన్ని తీసి చూస్తూ వచ్చాను. ఎనభై మూడో రోజు దాకా బ్రహ్మాండంగా పనిచేశాయి. నిన్న మంగళవారం తొంభయ్యో రోజు. నలభై మిగిలాయి. నా పని పరిశీలించే కమిటీ నలభై అంకెలూ కావాలంది. నలభైనీ ఒకేసారి నిద్రలేపాను."

"నిద్రలేపడమంటే?"

"పొడిగా ఉన్న పొరని ఉప్పునీళ్ళలో ముంచి పది నిమిషాలు చాలా మెల్లగా ఓల్టేజి పెడతాం. దువ్వెన అని మాకో చట్రం ఉంది. దానికి నలభై పళ్ళు. ఒక్కో పంటికి ఒక్కో పట్టీ." ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. "ఒక్కటి కూడా లేవలేదండీ. అన్నీ సున్నా."

శుక్రవారం పదింటికి కమిటీ వస్తోంది. ల్యాబు పెద్ద, అందరూ పెద్దసారు అనే మనిషి, అప్పుడే నివేదిక రాసి పెట్టాడు. ఎంజైము ఆ పొరలో వారం దాటి బతకదనీ, కాబట్టి ఈమె ఇంతకుముందు చూపించిన ఫలితాలన్నీ కల్పితాలనీ అందులో ఉంది. కమిటీ దాని మీద సంతకం పెడితే ఈ ల్యాబులోనే కాదు, ఏ ల్యాబులోనూ ఆమెను గుమ్మం ఎక్కనివ్వరు.

"ఎంజైము చచ్చిపోయిందని ఎవరు చూశారు?" అంది అక్కగారు.

"చూడ్డమేమిటండీ, కరెంటు రాలేదు కదా."

"మా వంటింట్లో లైటు వెలక్కపోతే వీడు వెంటనే బల్బు మార్చేస్తాడు," తమ్ముణ్ణి చూపించింది. "ఒక్కోసారి బల్బు బాగానే ఉంటుంది, తీగ పోతుంది. నువ్వు బల్బు చూశావా, అమ్మాయ్?"

అమ్మాయి చేతిలోని గ్లాసు నోటి దగ్గరే ఆగిపోయింది.

"చూడలేదు," అంది చివరికి.

"పద."

ల్యాబు ఒక పాత మూడంతస్తుల భవనంలో ఉంది. రెండో అంతస్తులో పొడుగాటి గది, రెండు వరుసల బల్లలు, కిటికీ కింద సింకు. గోడవారన ఒకేలాంటి నాలుగు చెక్క స్టూళ్ళు. గుమ్మం దగ్గరే పెద్దసారు ఎదురయ్యాడు. అరవై దాటిన మనిషి, చొక్కా మీద ఒక్క మడత లేదు. డిటెక్టివ్ అని విని నొచ్చుకోలేదు సరికదా, తలుపు తనే తెరిచి పట్టుకున్నాడు.

"చూడండమ్మా, నిక్షేపంగా చూడండి. నిజానికి భయమేముంది? ఈ అమ్మాయి తెలివైనదే, తొందరపడింది. నేను ఇరవై ఏళ్ళ కిందటే పుస్తకంలో రాశాను, వారం దాటదని."

"మీరీ గదికి తరచుగా వస్తుంటారా?"

"ఎక్కడమ్మా. అడుగుపెట్టి రెండేళ్ళయింది. కాగితాలే నన్ను తినేస్తున్నాయి." అంటూనే తమ్ముడి వైపు తిరిగాడు. "బాబూ, ఆ చివరి స్టూలు వద్దు. కాలు వదులు. నీ బరువుకి అసలాగదు."

తమ్ముడు ముఖం ముడుచుకుని పక్క స్టూలు మీద కూర్చున్నాడు. పెద్దసారు వెళ్ళిపోయాక కూడా "నీ బరువుకి" అన్న మాట అతని చెవిలో గింగిరాలు తిరుగుతూనే ఉంది.

ఆ గదిలో ఇంకో ఇద్దరు పనిచేస్తారు. ఒకాయన కళ్ళజోడు మనిషి. ఆయన కూడా ఇలాంటి పట్టీలే చేస్తాడు గానీ ఆయనవి ఫ్రిజ్ దాటి బయటికొస్తే గంటలో చచ్చిపోతాయి. అందుకని ల్యాబంతా ఆయన్ని ఫ్రిజ్ మాస్టారు అంటుంది. రెండో మనిషి మిషన్లు బాగుచేసే మెకానిక్. నలభై అయిదేళ్ళుంటాయి, సన్నగా ఉంటాడు, అడిగినదానికి మించి ఒక్క మాట మాట్లాడడు. అమ్మాయి అతన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

"బాబాయ్, కరెంటుతో పని లేకుండా ఎంజైము బతికుందో లేదో చూడాలి."

మెకానిక్ వెళ్ళి రెండు చిన్న గాజు కప్పులు తెచ్చాడు. రెండింట్లోనూ చక్కెర నీళ్ళు, ఒక రంగు మందు.

"ఎంజైము బతికుంటే చక్కెరని మారుస్తుంది. దాంతో ఈ మందు నీలంగా తిరుగుతుంది," అన్నాడు. "లేకపోతే ఇలాగే ఉంటుంది."

"ఒకదాంట్లో చచ్చిన పట్టీ వెయ్యండి. రెండోదాంట్లో అసలు ఎంజైమే లేని ఉత్త పట్టీ వెయ్యండి," అంది అక్కగారు. "నీళ్ళే నీలంగా మారే రకమైతే నలుగురిలో నవ్వులపాలవుతాం."

అయిదు నిమిషాలు గడిచాయి. ఉత్త పట్టీ ఉన్న కప్పు మంచినీళ్ళలాగే ఉంది. మొదటిదాంట్లో, నిన్న చచ్చిపోయిందన్న పట్టీ చుట్టూ, సన్నగా నీలం కదిలింది. చూస్తుండగానే కప్పంతా నిండింది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. తొంభై రోజులు బల్ల మీద పడున్న ఎంజైము ఇంకా పనిచేస్తోంది.

"బల్బు బాగానే ఉంది. తీగ పోయింది," అంది అక్కగారు. "ఇప్పుడు చెప్పు. వయసైపోయి పోయేటట్టయితే ముందు ఏది పోతుంది?"

"ఎంజైమేనండీ. ఎప్పుడైనా అదే ముందు. పొర దానికంటే చాలా కాలం ఉంటుంది."

"ఇక్కడ తిరగబడింది. అంటే ఇది వయసు వల్ల వచ్చిన చావు కాదు. పొరని ఏది చంపుతుంది?"

"మోతాదు మించిన ఓల్టేజి. నల్లటి పొర గోధుమరంగుకి తిరిగి, ఇక కరెంటు పోనివ్వదు. కానీ నేను ఎక్కువ పెట్టలేదండీ. తెర మీద అంకె రెండుసార్లు చూసుకున్నాను."

"మొదట్లో ఎలా ఉండేదో చూడ్డానికి అదే బ్యాచ్‌లోది ఇంకోటి ఉందా?"

అమ్మాయి సొరుగులోంచి నోట్‌బుక్ తీసింది. ప్రతి బ్యాచ్ నుంచీ ఒక పట్టీని, తయారైన తేదీ రాసి, పేజీకి టేపుతో అంటించడం ఆ ల్యాబు అలవాటు. దాన్ని ఎవరూ వాడరు. తమ్ముడు ఆ పట్టీనీ చచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి ఫొటో తీశాడు. ఒకటి కాటుక నలుపు, రెండోది ఎండిన ఆకు రంగు.

"దీన్ని ఇప్పుడే నిద్రలేపి చూద్దామా?" అమ్మాయి గొంతులో ఆత్రం.

"ఒక్కటే ఉంది. ఒకసారి వాడితే మళ్ళీ పనికొస్తుందా?"

"రాదండీ."

"అయితే అది కమిటీ ముందే లేవాలి. నోట్‌బుక్ నా దగ్గర ఉంటుంది."

తర్వాత అక్కగారు పట్టీలకి ఓల్టేజి పెట్టే మిషన్ ముందు నిలబడింది. ఎదుటి పలకకి కుడివైపు కింద నల్ల టేపు ముక్క ఒకటి అతికించి ఉంది. గోరుతో దాని అంచు మీటింది.

"దీని కింద ఎర్రదీపం ఉంది," అన్నాడు మెకానిక్. "మిషన్ అదుపు తప్పితే వెలుగుతుంది. రెండేళ్ళ కిందట ఏదో లోపం వచ్చి ఊరికే వెలుగుతుండేది. పెద్దసారు విసుక్కుని టేపు వేయించారు. లోపం తర్వాత బాగుచేశాను గానీ, టేపు తియ్యాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు."

"మరి అదుపులో ఉందని మిషన్‌కి ఎలా తెలుస్తుంది?"

అతను స్టాండు చూపించాడు. ఉప్పునీళ్ళలో కొసలు మునిగి నాలుగు సన్నటి కడ్డీలు నిలబడి ఉన్నాయి.

"ఇది రిఫరెన్సు కడ్డీ. మేడ మీద ట్యాంకు నిండుతుంటే పైన ఒకడు నిలబడి 'చాలు' అని కేకేస్తాడు చూడండి, ఆ పని దీనిది. పొర దగ్గర ఓల్టేజి ఎంతుందో ఇది చెబుతుంది, మిషన్ అక్కడ ఆగుతుంది. దీని కొసన కంటికి కనపడని సన్న రంధ్రాలుంటాయి. వాటిలోంచే ఇది నీళ్ళతో మాట్లాడుతుంది."

అక్కగారు నాలుగింటినీ ఒక్కొక్కటిగా వెలుతురుకి పట్టి చూసింది. మూడు తేటగా ఉన్నాయి. నాలుగోదాని కొస దగ్గర, ముసలివాళ్ళ కంట్లో పొరలాగా తెల్లటి మసక కమ్మి ఉంది.

మెకానిక్ దాన్ని లాక్కున్నంత పని చేశాడు. "సోమవారం సాయంత్రం నేనే లెక్కపెట్టి పెట్టాను. అప్పుడు బాగుంది. జిడ్డూ జిగురూ కరిగించే ఎసిటోన్ తగిలితే ఇలా అవుతుంది. ఆరాక తేలుతుంది ఈ మసక. ఇదివరకటివి గాజువి, వాటికేం కాదు. ఇవి ప్లాస్టిక్‌వి, వచ్చి ఎనిమిది నెలలైంది. వీటికి ఎసిటోన్ చూపించకూడదని ఇక్కడ పనిచేసే అందరికీ తెలుసు."

"మంగళవారం నిద్రలేపింది దీంతోనేనా?"

"అవునండీ," అంది అమ్మాయి. "స్టాండులో ముందున్నది అదే."

"ఆ పది నిమిషాలూ నువ్వు మిషన్ దగ్గరే ఉన్నావా?"

"మామూలుగా ఉంటాను. నిన్న మొదలుపెట్టిన నిమిషానికే పెద్దసారు కబురు పెట్టారు. కమిటీవాళ్ళకి కుర్చీలు కిటికీ వైపు వేద్దామా, గోడ వైపు వేద్దామా అని అడిగారు. తిరిగొచ్చేసరికి అయిపోయింది."

అక్కగారు తల ఊపి ఫ్రిజ్ మాస్టారి బల్ల దగ్గరికి నడిచింది. తీగల కట్టల మధ్య రంగులేని గోళ్ళరంగు సీసా ఒకటి ఉంది.

"ఇది మీదేనా?"

"నవ్వకండి," అన్నాడు మాస్టారు. "తీగల అతుకులకి నీళ్ళు తగలకుండా పూస్తాం. ప్రతి ల్యాబులోనూ ఉంటుంది. ఆ అమ్మాయి పట్టీలు గెలిస్తే నావి ఎవరూ కొనరని అంతా అనుకుంటున్నారని నాకు తెలుసు. నిజమే, కొనరు. కానీ నేను ఏ పాపమూ ఎరగను."

"మిమ్మల్ని నేనేమీ అనలేదే. ఆ చివరి స్టూలు సంగతి చెప్పండి."

మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "శుక్రవారం సాయంత్రం దాని మీంచి పడ్డాను. కాలు ఊడింది. బాబాయి ఒక్కడే చూశాడు. సోమవారం సాయంత్రం, వెళ్ళబోయే ముందు, లోపలినుంచి తీగ కట్టి పెట్టాడు. పైకి ఏమీ తెలియదు. దయచేసి ఎవరికీ చెప్పకండి, ఇప్పటికే నాకు ఒక పేరుంది."

"ఎవరికీ చెప్పలేదా?"

"మా ఆవిడకి కూడా చెప్పలేదు."

వెళ్ళబోతూ ఆమె మెకానిక్ దగ్గర ఆగింది. "మిషన్లు బాగుచేసేవాళ్ళకి ఎంజైము పరీక్ష నిమిషంలో చెయ్యడం రాదు. మీకెలా వచ్చింది?"

అతను చేతిగుడ్డ మడతపెట్టాడు. "ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఇలాంటి పొర చేశాను. నాది పన్నెండు రోజులు బతికింది. వారం దాటదని పెద్దసారు అప్పటికే పుస్తకం రాసేశారు. నావి దొంగ అంకెలన్నారు. చదువు అక్కడితో ఆగింది. మిషన్లు బాగుచెయ్యడం వచ్చు కాబట్టి ఇక్కడే ఉండిపోయాను."

దారిలో తమ్ముడు ఆగలేకపోయాడు. "మెకానిక్కే అక్కా. తనకి దక్కనిది ఈ అమ్మాయికి దక్కుతుంటే కడుపు మండదూ? కడ్డీలూ అతని చేతిలోనే, టేపూ అతనిదే."

"చంపినవాడే వచ్చి శవం ఊపిరి పీలుస్తోందని చూపిస్తాడురా? నీలం కప్పు తెచ్చింది ఎవరు?"

తమ్ముడు ఆలోచించాడు. "మరి ఫ్రిజ్ మాస్టారా?"

"నువ్వు ఇంకా ఆ స్టూలు గురించే బాధపడుతున్నావా?"

"బాధేం లేదు. నా బరువు సంగతి ఆయనకెందుకని."

"మంచి ప్రశ్న. రేపంతా దాని గురించే బాధపడు," అంది అక్కగారు. గురువారం ఆమె గొడుగు బాగుచేసుకుంది. ఇల్లు కదల్లేదు.

శుక్రవారం పదింటికి కమిటీ ముగ్గురూ కుర్చీల్లో కూర్చున్నారు. కుర్చీలు కిటికీ వైపే వేశారు. అధ్యక్షురాలు తెల్లజుట్టు మనిషి, మాట కటువు. ఆమె ముందు పెద్దసారి నివేదిక, దాని మీద మూత తీసిన కలం ఉన్నాయి. అమ్మాయి గోడకి ఆనుకుని నిలబడింది. రెండు రాత్రుల నిద్రలేమి ఆమె ముఖంలో ఉంది.

"అధ్యక్షులు అనుమతిస్తే అరగంట," అంది అక్కగారు. "సంతకం తర్వాత పెట్టొచ్చు, ముందు పెడితే చెరపలేం." చేతిలో ఒక కడ్డీ పట్టుకుని ఇబ్బందిగా చూసింది. "అయ్యో, దీని కొసకి మా తమ్ముడి చేతి జిగురు అంటుకుంది. పెద్దసారూ, ఇది ఎలా పోతుందంటారు?"

పాఠం చెప్పే అవకాశం వస్తే పెద్దసారు వదులుకునే రకం కాదు. "ఏముందమ్మా, గుడ్డ మీద రెండు చుక్కలు ఎసిటోన్ వేసి తుడిస్తే..." అంటూ బల్ల మీది సీసా అందుకున్నాడు.

"ఎసిటోన్ వద్దు సార్," అన్నాయి రెండు గొంతులు ఒకేసారి. మెకానిక్ ఒక వైపు నుంచి, ఫ్రిజ్ మాస్టారు ఇంకో వైపు నుంచి అప్పటికే రెండేసి అడుగులు వేసేశారు.

అక్కగారు సీసాని ఆయన చేతిలోంచి మెల్లగా తీసుకుని దూరంగా పెట్టింది.

"అందరూ చూశారు కదా. ఇప్పుడు చెబుతాను. ఈ అమ్మాయి పట్టీలు చచ్చాయన్నారు, నిజం. ఎంజైము చచ్చిందన్నారు, అబద్ధం." నీలంగా మారిన కప్పునీ, తేటగా ఉన్న కప్పునీ, తమ్ముడు తీసిన ఫొటోనూ కమిటీ ముందు పెట్టింది. "ఎంజైము బతికుంది. దాని కరెంటు బయటికి తెచ్చే పొరని ఎవరో కాల్చేశారు. తలుపు పగలగొట్టలేదు, మిషన్ అంకె మార్చలేదు. కాల్చింది ఈ అమ్మాయి చెయ్యే. కానీ ఆ సంగతి ఆ చేతికి తెలియదు."

"ఎలా?" అంది అధ్యక్షురాలు.

"ట్యాంకు మీద నిలబడి 'చాలు' అనే మనిషి నోరు మూసేస్తే ఏమవుతుంది? మోటారు ఆగదు. మంగళవారం పొద్దున, ల్యాబు తెరవక ముందే, ఒకరు లోపలికొచ్చారు. మాస్టారి బల్ల మీది గోళ్ళరంగు తీసి ముందు కడ్డీ కొసకి పూశారు. రంగు లేనిది కాబట్టి కనపడదు. సన్న రంధ్రాలు మూసుకుపోయాయి. కడ్డీ మూగదైంది, మిషన్ గుడ్డిదైంది. తెర మీద మాత్రం అడిగిన అంకే కనిపిస్తుంది. అసలు ఓల్టేజి ఎంత పెంచినా జవాబు రాదు కాబట్టి మిషన్ తన శక్తి కొద్దీ నొక్కేసింది. పది నిమిషాల్లో నలభై పొరలూ పోయాయి. ఎర్రదీపం వెలిగే ఉంటుంది. దాని మీద టేపుంది. ఆ టేపు వేయించిన మనిషికి అది గుర్తుంది."

ఆమె మసక కమ్మిన కడ్డీని పైకెత్తింది. "పని అయ్యాక అందరూ భోజనానికి వెళ్ళినప్పుడు మళ్ళీ వచ్చి రంగు తుడిచేశారు. పారెయ్యడానికి లేదు, మెకానిక్ సాయంత్రం నాలుగూ లెక్కపెడతాడు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. తొక్కినందుకు దొరకలేదు గానీ కడిగినందుకు దొరికారు. గోళ్ళరంగు ఎసిటోన్‌తో పోతుంది, నిజమే. కడ్డీ గాజుదైతే మచ్చ కూడా ఉండేది కాదు. ఎనిమిది నెలలుగా ఇక్కడ గాజు కడ్డీలు లేవు. ఆ సంగతి ఇక్కడ రోజూ పనిచేసే ముగ్గురికీ తెలుసు. తెలియనిది ఒక్కరికి."

పెద్దసారు నవ్వాడు. "ఎసిటోన్ అన్నానని నన్ను దొంగని చేస్తారా? నేనీ గదిలోకి వచ్చి రెండేళ్ళయిందని మొన్ననే చెప్పాను."

"చెప్పారు. చెప్పిన నోటితోనే మా తమ్ముడికి చివరి స్టూలు కాలు వదులని కూడా చెప్పారు."

నవ్వు ఆగిపోయింది.

"ఆ కాలు పోయిన శుక్రవారం సాయంత్రం ఊడింది. సోమవారం సాయంత్రం మెకానిక్ తీగ కట్టి మామూలుగా నిలబెట్టాడు. నాలుగు స్టూళ్ళూ ఒకేలా ఉంటాయి. అది వదులని తెలియాలంటే దాని మీద కూర్చోవాలి. పడిన మనిషి తన భార్యకి కూడా చెప్పలేదు. బాగుచేసిన మనిషి అడగనిదే ఏదీ చెప్పడు. గోళ్ళరంగు ఆరేదాకా మీరు ఎక్కడో ఒకచోట కూర్చున్నారు సార్. పది నిమిషాలు ఈ అమ్మాయిని మిషన్ ముందునుంచి లేపడానికి కుర్చీల సలహా అడిగిందీ మీరే."

మాస్టారు తలదించుకుని నేలకేసి చూస్తున్నాడు. తన రహస్యం బయటపడినందుకు బాధపడాలో, బయటపడి తనని కాపాడినందుకు సంతోషించాలో అతనికి తేలడం లేదు. తమ్ముడి ముఖం మాత్రం వెలిగిపోతోంది. ఆ బరువు మాటే కేసుకి తాళంచెవి అయిందని అప్పుడు అర్థమైంది అతనికి.

"ఎందుకు చేస్తాను?" అన్నాడు పెద్దసారు.

"ఇరవై ఏళ్ళ కిందట మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నారు. నాలుగో కాలు చూపించిన కుర్రవాణ్ణి అబద్ధాలకోరు అన్నారు. అతను ఈ గదిలోనే మీ మిషన్లు తుడుస్తున్నాడు. ఈ అమ్మాయి తొంభై రోజులు చూపిస్తే మీ పుస్తకం తప్పవడంతో ఆగదు. మీరు ఒక మనిషి బతుకు ఊరికే పాడుచేశారని తేలిపోతుంది."

పెద్దసారు బల్ల అంచు పట్టుకున్నాడు. "కథ బాగుంది," అన్నాడు. "ఎంజైము బతికుందనే అనుకోండి. పట్టీగా పనిచేస్తుందని ఎవరు చూశారు? తొంభై రోజుల తర్వాత పనిచేసే పట్టీ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూపించండి. లేదా సంతకం పెట్టనివ్వండి."

"ఆ మాటకోసమే కూర్చున్నాను," అంది అక్కగారు. నోట్‌బుక్ తెరిచి అమ్మాయి చేతికిచ్చింది.

అమ్మాయి పేజీని బల్ల మీద చదునుగా పరిచింది. టేపు మెల్లగా ఊడదీసింది. దువ్వెనలో ఒకే ఒక్క పంటికి ఆ పట్టీని తగిలించి ఉప్పునీళ్ళలోకి దించింది. మెకానిక్ తేట కడ్డీ ఒకటి ఏరి, కొసని భూతద్దంతో చూసి, పక్కన నిలబెట్టాడు. తర్వాత వంగి, మిషన్ మీది నల్ల టేపుని చర్రున లాగేశాడు. రెండేళ్ళ దుమ్ము కింద చిన్న దీపం బయటపడింది.

మీట నొక్కారు. దీపం వెలగలేదు. పది నిమిషాలు ఎంత పొడుగో ఆ గదిలో ఉన్న ప్రతివాళ్ళకీ తెలిసింది. అధ్యక్షురాలు కలానికి మూత పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టింది. అమ్మాయి కళ్ళు పట్టీ మీదే ఉన్నాయి. ఏడేళ్ళూ ఆ గోరంత నల్లటి ముక్క మీద నిలబడి ఉన్నాయి.

"వెయ్యమ్మా," అన్నాడు మెకానిక్.

ఆమె ఒక్క చుక్క చక్కెర నీళ్ళు వేసింది.

తెర మీద గీత నేలబారుగా సాగింది. ఒక సెకను, రెండు. పెద్దసారు ఊపిరి వదిలాడు. అంతలో గీత తల ఎత్తింది. ఎత్తి, మెట్లెక్కినట్టుగా పైకి పోయి, పైన నిలకడగా నిలిచింది. ఆమె ఇంకో చుక్క వేసింది, ఇంకో మెట్టెక్కింది. మూడో చుక్కకి మూడో మెట్టు. ఫ్రిజ్ మాస్టారు తనకి తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. తన పట్టీలు ఇక ఎవరూ కొనరన్న సంగతి ఆ క్షణాన అతనికి గుర్తులేదు.

"ఎంత?" అంది అధ్యక్షురాలు.

"తయారైన రోజు వచ్చినదాంట్లో నూటికి తొంభై ఒకటి," అంది అమ్మాయి.

అధ్యక్షురాలు నివేదికను రెండుగా మడిచి పెద్దసారి ముందుకు తోసింది. "ఇది మీ దగ్గరే ఉంచుకోండి. మీ గదిలో కూర్చోండి, వచ్చి మాట్లాడతాను." ఆయన లేచి, ఎవరి వైపూ చూడకుండా బయటికి నడిచాడు. ఆయన చొక్కా మీద మొదటిసారి మడతలు కనిపించాయి.

"మీది ఎన్ని రోజులు బతికిందన్నారు?" అధ్యక్షురాలు మెకానిక్‌ని అడిగింది.

"పన్నెండండీ."

"ఆ నోట్‌బుక్ ఉందా?"

"ఉందండీ. ఇంట్లో." అతను చేతిగుడ్డ జేబులో పెట్టుకున్నాడు. "బీరువాలో, బట్టల కింద."

"తీసుకురండి. మేం కూర్చుంటాం. ఈ అమ్మాయి నివేదికలో మొదటి పేజీ దాంతో మొదలవ్వాలి."

అతను గుమ్మం దాకా మామూలుగానే నడిచాడు. మెట్ల మీద మాత్రం పరిగెత్తుతున్న చప్పుడు పైదాకా వినిపించింది. అమ్మాయి నవ్వుతూ, ఏడుస్తూ కిటికీలోంచి చూసి, "బాబాయ్, నెమ్మది," అని అరిచింది.

తమ్ముడు ఫొటో తీద్దామని కెమెరా ఎత్తి, అది మసకగా కనిపిస్తుంటే కళ్ళు తుడుచుకున్నాడు. అక్కగారు గొడుగు అందుకుంది. అమ్మాయి తడిపట్టీని గుడ్డతో ఒత్తి, నోట్‌బుక్‌లో ఉన్న చోటే మళ్ళీ టేపుతో అంటించింది. కింద తేదీ వేసి, చక్కటి అక్షరాలతో రాసింది: తొంభై మూడో రోజు. లేచింది.